‘ఇప్పుడేం చేస్తున్నావ్?’ – మన బ్యాచ్ జీవితాలు రాసుకోవడం ఎలా?



వార్షికోత్సవ సంచిక అంటే పూర్వ విద్యార్థుల పరిచయాలు ఉండాల్సిందే. ఫొటో, పేరు, చదువు, ఉద్యోగం, ఊరు, పిల్లలు ఏం చేస్తున్నారు. పేజీకి ఆరుగురు. పుస్తకం చేతికి రాగానే ప్రతివాళ్లూ ముందు తమ బ్యాచ్ పేజీ వెతుక్కుంటారు. ఎవరు ఎంతవరకు వచ్చారో చూసుకుంటారు. పేజీ తిప్పేస్తారు.

ఆ పేజీలో ఉన్నవారి సంగతి సరే, లేనివారి సంగతేమిటి? ఒక ఏడాది నలభై మంది పదో తరగతి పరీక్ష రాశారనుకుందాం. ముప్పై ఏళ్ల తర్వాత సంచికలో పదిమంది కనపడతారు. టీచరు, కానిస్టేబులు, బ్యాంకు ఉద్యోగి, ఎమ్మార్వో ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు, అదృష్టం బాగుంటే ఒక డాక్టరు. మిగతా ముప్పైమందికి కబురు అందదా అంటే అందుతుంది. వాళ్లే రాయరు. “నాదేముంది అన్నా రాయడానికి?” అంటారు. ఈ మాట మీరూ వినే ఉంటారు. ఆ మాట అన్న మనిషికి రాయడానికి చాలా ఉంటుంది. మనం అడిగే ప్రశ్నకు సరిపోయే జవాబు మాత్రం అతని దగ్గర ఉండదు. ‘ఇప్పుడేం చేస్తున్నావ్?’ అంటే మన భాషలో ‘ఏ ఉద్యోగం?’ అని అర్థం. ఉద్యోగం లేనివాడికి ఆ ప్రశ్న దగ్గరే నోరు మూతపడుతుంది.

కాబట్టి ఈ వ్యాసం జీవిత పరిచయం రాయడం గురించి. రాసేవారికోసం, రాయించేవారికోసం, ముఖ్యంగా ఇప్పుడు హాస్టల్లో తొమ్మిది, పది చదువుతున్న తమ్ముళ్లకోసం, చెల్లెళ్లకోసం. ఈ సంచికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నిజంగా చదివేది వాళ్లే. గెలిచినవాళ్ల ఫొటోలు మాత్రమే చూస్తే, లెక్కల్లో తప్పిన రోజు ఏం చేయాలో వాళ్లకు ఎవరు చెబుతారు?

అంబేద్కర్ తన గురించి ఏం రాసుకున్నారు?

ఈ విషయంలో మనకు ఒక మంచి పాఠ్యపుస్తకం ఉంది. బాబాసాహెబ్ అంబేద్కర్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. చాలా చిన్నది, ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో చదివేయవచ్చు. 1930ల మధ్యలో రాసినట్లు చెబుతారు. ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పుస్తకంగా వేసింది. తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన ఆయన రచనల్లో 12వ సంపుటంలో చేరింది.

కొలంబియాలో, లండన్‌లో చదివి డాక్టరేట్లు తెచ్చుకుని, బారిస్టరు కూడా అయిన మనిషి తన గురించి రాసుకుంటే ఏముండాలి? డిగ్రీలు, పదవులు, కలిసిన పెద్దమనుషులు. ఈ పుస్తకంలో అవి దాదాపు లేవు. ఆరు సంఘటనలున్నాయి. వాటిలో నాలుగు తనవి, రెండు వేరేవాళ్లవి.

మొదటిది 1901 నాటి ప్రయాణం. అప్పటికి ఆయనకు తొమ్మిది, పదేళ్లు. తండ్రి దూరంగా ఉద్యోగం చేస్తున్నాడు, వేసవి సెలవుల్లో రమ్మన్నాడు. పిల్లలు కొత్త బట్టలు కుట్టించుకుని, మెరిసే టోపీలు పెట్టుకుని, సతారా నుంచి సంబరంగా రైలెక్కారు. మసూర్ స్టేషన్లో దిగారు. తండ్రి మనిషి రాలేదు. బట్టలు చూసి పెద్ద కులం పిల్లలనుకున్న స్టేషన్ మాస్టరు, అడిగి కులం తెలుసుకున్నాక ముఖం మార్చుకున్నాడు. ఎడ్లబండి వాళ్లు ఎంత డబ్బిచ్చినా ఎక్కించుకోం అన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలుకునేట్టు, బండివాడు పక్కన నడిచేట్టు ఒప్పందం కుదిరింది. దగ్గర తిండి ఉంది. నీళ్లు దొరకలేదు. రాత్రంతా ఆకలితో, దాహంతో గడిచింది. తండ్రికి ఉత్తరం ముందే చేరింది గానీ, పనివాడు అది ఆయన చేతికి ఇవ్వడం మరిచిపోయాడు.

చూడండి, ఇందులో పెద్ద పెద్ద మాటలు ఒక్కటీ లేవు. స్టేషన్ పేరుంది. కిరాయి ఎంతో ఉంది. టోపీ ఎలా ఉందో, తిండి ఉందో లేదో, నీళ్లు ఎవరు పోయలేదో ఉంది. ‘ఎన్నో అవమానాలు భరించి’ అనే మూడు మాటలతో సరిపెట్టి ఉంటే మనకు ఒక్క ముక్కా గుర్తుండేది కాదు. మన పరిచయాల్లో మాత్రం ‘ఎన్నో కష్టనష్టాలకోర్చి’ అని రాస్తాం. ఏ కష్టం? ఎంత నష్టం? ఎవరి దగ్గర అప్పు? నూటికి ఎంత వడ్డీ?

రెండో సంఘటన మనకు మరీ దగ్గరది. ఆయన కూడా స్కాలర్‌షిప్ విద్యార్థే. బరోడా సంస్థానం ఇచ్చిన డబ్బుతో 1913లో అమెరికా వెళ్లారు. ఆ ఒప్పందం ప్రకారం ఉద్యోగం చేయడానికి 1917లో బరోడా వచ్చారు. అంత చదువు చదివిన ఆఫీసరుకు ఊళ్లో అద్దె గది దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో మారుపేరుతో దిగారు. సంగతి తెలిసి కర్రలతో వచ్చినవాళ్లు ఆయన్ని ఖాళీ చేయించారు. ఉద్యోగం వచ్చింది కాబట్టి కథ సుఖాంతం అని రాసే మన అలవాటుకు ఈ భాగం గట్టి జవాబు. అపాయింట్‌మెంట్ ఆర్డరు వచ్చాక ఏం జరిగిందన్నది కూడా కథే.

మూడోది 1929లో చాలీస్‌గావ్‌లో జరిగింది. అది చదివితే నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. అక్కడి మహర్లు తమ నాయకుణ్ణి నడిపించుకుని తీసుకుపోవడం తమకు చిన్నతనం అనుకున్నారు. టాంగా వాళ్లు తోలబోమన్నారు. దాంతో తోలడం రాని తమవాడొకడికే పగ్గాలు ఇచ్చారు. టాంగా కల్వర్టు దగ్గర దెబ్బతింది, అంబేద్కర్ కింద పడ్డారు, కాలు విరిగింది. సొంతవాళ్ల అభిమానం వల్ల తగిలిన దెబ్బను కూడా ఆయన దాచలేదు. నాలుగోది దౌలతాబాద్ కోట దగ్గర నీళ్ల గొడవ.

చివరి రెండూ ఆయనవి కావు. ఒకటి కాఠియావాడ్‌లో ఒక బడిపంతులు భార్య కథ. బాలింత జబ్బు పడితే డాక్టరు వాడలోకి రానన్నాడు, ఆమె చనిపోయింది. మరొకటి ఖేడా జిల్లాలో తలాటీ ఉద్యోగానికి వెళ్లిన ఒక భంగీ యువకుడి కథ. తన కథ చెప్పే పుస్తకంలో వాళ్లకు చోటెందుకు? వాళ్లకు రాసే వీలు లేదు, ఈయనకు ఉంది. నా ఉద్దేశంలో బ్యాచ్ తరఫున కలం పట్టేవాళ్లు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే. మీ గురించి నాలుగు పేరాలు రాస్తే, రాయలేని క్లాస్‌మేట్ల గురించి రెండు పేరాలు రాయండి.

ఒకే మనిషి, రెండు పరిచయాలు

ఇప్పుడు ఒక నమూనా చూద్దాం. కల్పించినదే, కానీ మనలో చాలామంది ఇందులో తమను చూసుకోగలరు.

“నేను 1990లో పదో తరగతి పూర్తి చేసి, ఇంటర్, డిగ్రీ, బీఈడీ చదివి, ప్రస్తుతం స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. భార్య గృహిణి. ఇద్దరు పిల్లలు. బాబు సాఫ్ట్‌వేర్, పాప బీఎస్సీ నర్సింగ్. సొంత ఇల్లు ఉంది.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఇది సర్వీసు రిజిస్టరులాగా ఉంది. అదే మనిషి ఇలా రాశాడనుకోండి:

“1990 మార్చిలో లెక్కల్లో 28 మార్కులు వచ్చి తప్పాను. పది తప్పినవాడికి హాస్టల్లో చోటు లేదు కదా, పెట్టె తీసుకుని ఊరెళ్లాను. ఆ ఏడాది అమ్మతో మిరప కోతలకు పోయాను. సాయంత్రం చేతులు మండుతుంటే లెక్కలు చేయబుద్ధయ్యేది కాదు. నాతో హాస్టల్లో ఉన్న మిత్రుడు తన లెక్కల నోటుబుక్కు బస్సులో డ్రైవరుకిచ్చి పంపించాడు. మళ్లీ పరీక్ష కట్టి పాసయ్యాను. ఇంటర్‌కు పట్నంలో చేరేటప్పుడు నాన్న బర్రెను అమ్మాడు. స్కాలర్‌షిప్ ఏడాది చివర్లో వచ్చేది, అంతవరకు గది అద్దె అక్క కూలి డబ్బుల్లోంచి కట్టాం. అక్క పెళ్లి రెండేళ్లు ఆగింది. చెల్లి ఏడో తరగతితో మానేసింది. బీఈడీ అయ్యాక నాలుగేళ్లు ప్రైవేటు స్కూల్లో చేశాను, వేసవిలో జీతం ఉండేది కాదు. పెళ్లయ్యాక నా భార్య మిషను కుట్టి ఇల్లు నడిపింది. డీఎస్సీకి చదివిన పుస్తకాలు ఆమె కుట్టుకూలితో కొన్నవే. నోటుబుక్కు పంపిన మిత్రుడు ఇంటర్ దాటలేదు. లారీ నడుపుతాడు. మా బాబు కాలేజీలో చేరే రోజు అతనే వచ్చి దించి వెళ్లాడు.”

రెండోదానిలో కొత్తగా వచ్చిందేమిటి? మనుషులు వచ్చారు. ‘గృహిణి’ అన్న ఒక్క మాట వెనక దాగిన కుట్టుమిషను వచ్చింది. చదువు మానేసిన చెల్లి వచ్చింది. లారీ నడిపే మిత్రుడు పేజీ అడక్కుండానే పేజీలోకి వచ్చాడు. పదో తరగతి పిల్లవాడికి 28 మార్కుల తర్వాత కూడా దారి ఉందని, అది మిరప చేలోంచి వెళుతుందని తెలిసింది. పరిచయం దాదాపు నాలుగు రెట్లయింది, అంతే. కాగితం ఖర్చు గురించి సంపాదకవర్గం గొణిగితే ఫొటో సైజు తగ్గించమనండి!

ఒక్క జాగ్రత్త. ఇదంతా ‘నేను ఎంత కష్టపడ్డానో చూడండి’ అనే గొప్పగా మారకూడదు. కష్టంలో పోటీ కూడా పోటీయే. పత్రికల్లో ‘కూలి నుంచి కలెక్టర్ దాకా’ అనే శీర్షికలు వస్తుంటాయి. కలెక్టరైన మనిషికి అది తగినదే. కానీ ఆ మూసలో కూలి అనేది దాటిపోవలసిన మెట్టు మాత్రమే. ఆ మెట్టు మీదే ముప్పై ఏళ్లు గౌరవంగా బతికిన క్లాస్‌మేట్‌కు ఆ శీర్షిక కింద చోటు లేదు.

పని గురించి రాసేటప్పుడు

పని అంటే పేరు రాసి ఊరుకోకుండా జీతం రాయండి, ఎన్నేళ్లో రాయండి. మన సీనియర్లలో స్పెషల్ టీచర్లుగా చేరినవారున్నారు. వాళ్లను నేటికీ ‘398 టీచర్లు’ అంటారు, నెలకు 398 రూపాయలతో మొదలుపెట్టారు కాబట్టి. ఆ అంకె ఒక్కటి రాస్తే ఆ కాలం మొత్తం అర్థమవుతుంది. ఆ తర్వాతివాళ్లలో విద్యా వాలంటీర్లు, కాంట్రాక్టు లెక్చరర్లు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు ఉన్నారు. ‘ప్రభుత్వ ఉద్యోగి’ అని రాసి ఊరుకుంటే పర్మనెంటు ఉద్యోగికీ, ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషికీ తేడా తెలియదు. తేడా తెలిస్తే ఎవరి పరువూ పోదు.

1998 డీఎస్సీ సంగతి చాలామందికి తెలుసు. అర్హత సాధించీ ఉద్యోగం రానివారికి అవకాశం ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో నిర్ణయించింది. ఇరవై నాలుగేళ్లు! అప్పటికి వాళ్లలో చాలామంది యాభై దాటారు, కొందరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. అలాంటి మిత్రుడు మీ బ్యాచ్‌లో ఉంటే ‘ప్రస్తుతం ఎస్‌జీటీ’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. మధ్యలో ఉన్న ఇరవై నాలుగేళ్లలో ఆయన ట్యూషన్లు చెప్పాడా, ఇన్సూరెన్సు పాలసీలు కట్టించాడా, సైకిలు మీద బట్టలు అమ్మాడా? ఆయన జీవితంలో పెద్ద భాగం అదే.

గల్ఫ్ వెళ్లినవారి గురించి ఒక మాట. ఇప్పటి నిబంధనల ప్రకారం పదో తరగతి పాసైనవారికి వలస అనుమతి ముద్ర అవసరం లేని పాస్‌పోర్టు వస్తుంది. పాసు కానివారికి ఈసీఆర్ అని పడుతుంది. కువైటుకో దుబాయికో పోయేటప్పుడు ఆ మూడక్షరాలు ఎంత తిప్పట పెడతాయో పోయినవాళ్లను అడగండి. ‘పది పాసైతే ఏమొస్తుంది?’ అనే పిల్లవాడికి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు. గల్ఫ్ మిత్రుడి పరిచయంలో ఈ ముక్క తప్పక ఉండాలి.

సంవత్సరాలు గుర్తుకు రాకపోతే

“ఎప్పుడు చేరావు?” అంటే చాలామందికి సంవత్సరం గుర్తుండదు. తప్పేమీ లేదు. మన అమ్మానాన్నలు తుఫానులను బట్టి, కరువులను బట్టి వయసు చెప్పేవాళ్లు కదా. మనమూ అలాగే లెక్క కట్టవచ్చు. రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు నువ్వు ఏ తరగతి? అది 1983. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది, కారంచేడు జరిగింది 1985లో. చుండూరు 1991 ఆగస్టు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992 నాటిది, 1995 జనవరిలో మద్య నిషేధం వచ్చింది. కోనసీమ తుఫాను 1996 నవంబరు. ఉపాధి హామీ పని 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. “సారా దుకాణం మూసేసిన ఏడాదే మా పెద్దోడు పుట్టాడు” అని ఒక తల్లి చెబితే ఆ వాక్యాన్ని అలాగే ఉంచి, పక్కన సంవత్సరం రాయండి. పుట్టిన తేదీ మాత్రం మెమో చూసి నమ్మకండి. మన తరంలో సగంమంది జూన్‌లోనో జూలైలోనో పుట్టినట్టు రికార్డుల్లో ఉంటుంది. బడిలో చేర్చిన రోజున పంతులుగారు వేసిన తేదీలవి!

చిరునామాల సంగతి ఇంకా చిక్కు. హాస్టల్ రిజిస్టరులో ఉన్న జిల్లా ఇప్పుడు ఉండకపోవచ్చు. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది, తర్వాత ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి వెళ్లింది, అదే 1972లో ప్రకాశం జిల్లా అయింది. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ములుగు వరంగల్ జిల్లాలోంచి 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో సొంత జిల్లాగా మారింది. 2014 జూన్ 2 తర్వాత ఒకే గదిలో పడుకున్నవాళ్లు రెండు రాష్ట్రాలవాళ్లయ్యారు. కాబట్టి ఎవరినైనా వెతికేటప్పుడు ఊరు, తండ్రి పేరు, పాత తాలూకా పట్టుకుని వెతకండి. జిల్లాను పట్టుకుంటే దొరకరు.

అక్కాచెల్లెళ్ల పేజీలు ఎందుకు తక్కువ?

బాలికల హాస్టల్లో చదివినవారిని వెతకడం మరీ కష్టం. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఫోను నంబరు భర్తదై ఉంటుంది. “ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ” అని ఫోనులో మగగొంతు చెబుతుంది, మనం ‘గృహిణి’ అని రాసుకుంటాం. ఆ ఇంట్లో ఉండే ఆవిడ డ్వాక్రా సంఘానికి పదేళ్లు లీడరుగా లెక్కలు రాసి ఉండవచ్చు. అంగన్‌వాడీ టీచరై ఉండవచ్చు. ఉపాధి పనిలో మేట్‌గా మస్టరు వేసి ఉండవచ్చు. కువైటులో ఎవరి పిల్లలనో పెంచి తన పిల్లల ఫీజులు కట్టి ఉండవచ్చు. ఇవన్నీ హాస్టల్లో నేర్చిన అక్షరాలతో చేసిన పనులే. కనుక అక్కలతో మాట్లాడే పని అక్కలకే అప్పగించండి. మగవాళ్లకు చెప్పని సంగతులు క్లాస్‌మేట్‌కు చెబుతారు. ఇష్టమైతే పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండూ వేయండి, లేకపోతే పాత స్నేహితురాళ్లు గుర్తుపట్టలేరు.

అడగకుండా అచ్చు వేయకండి

ఇది కాస్త నెమ్మదిగా చెప్పవలసిన విషయం. సాంఘిక సంక్షేమ హాస్టల్ అని రాయగానే చదివినవారికి మన కులం తెలిసిపోతుంది. కొద్దిమంది ఇతర కులాల పిల్లలు మనతో ఉన్నమాట నిజమే అయినా లోకం అలా చూడదు. పట్నంలో అద్దె ఇంట్లో ఉంటున్న మిత్రుడు, కార్పొరేటు ఆఫీసులో పనిచేసే మిత్రురాలు తాము ఎక్కడ చదివారో ఇరుగుపొరుగుకు చెప్పి ఉండకపోవచ్చు. కొందరి పిల్లలకే తెలియదు. సంచికలో ఫొటోతో సహా వేసి, దాన్ని మళ్లీ ఫోన్లలో పంచిపెడితే వాళ్లకు ఏమవుతుందో ఆలోచించాలి. 1917లో అంబేద్కర్ మారుపేరుతో గది తీసుకున్నారని ఇందాక చదివాం. అద్దె గది కోసం అబద్ధం చెప్పవలసి రావడం వందేళ్లు దాటినా పూర్తిగా పోలేదు.

నా అభిప్రాయం అడిగితే, హాస్టల్ పేరు ధైర్యంగా చెప్పుకోవాలనే అంటాను. కానీ అది నా విషయంలో నేను తీసుకునే నిర్ణయం. ఇంకొకరి తరఫున ధైర్యం చేసే హక్కు నాకు లేదు, సంపాదకవర్గానికీ లేదు. పేరు లేకుండా వేయమంటే అలాగే వేయండి. ‘1990 బ్యాచ్ మిత్రుడు’ అన్నా తోటివాళ్లు చాలావరకు పోల్చుకుంటారు. అప్పులు, జబ్బులు, విడాకులు, కోర్టు కేసులు – ఇవి ఆ మనిషి స్వయంగా చెప్పి, అచ్చుకు ముందు చదివి సరేనన్న తర్వాతే రావాలి. రాసింది చదివి వినిపించండి. చదవడం మరిచిపోయినవారికి మరీ ముఖ్యంగా.

నోరు విప్పించడం ఎలా?

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. ‘ఇప్పుడేం చేస్తున్నావ్?’ అని మొదలుపెట్టకండి. అంబేద్కర్ ప్రయాణంతో మొదలుపెట్టారు, మనమూ అలాగే అడగవచ్చు. పదో తరగతి ఆఖరి పరీక్ష రాసిన రోజు ఏ బస్సెక్కావు? పక్కన ఎవరున్నారు? బస్టాండులో దిగాక ఇంటికి నడిచావా? మర్నాడు ఏం పని చేశావు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేనివారు ఉండరు. లెక్చరరు దగ్గరా, హమాలీ దగ్గరా ఆ రోజు కథ ఒకేలా ఉంటుంది. అక్కడి నుంచి దారులు ఎలా విడిపోయాయో వాళ్లే చెప్పుకుంటూ వస్తారు.

ఇంకో మంచి ప్రశ్న ఉంది. నీ ట్రంకుపెట్టె ఇప్పుడెక్కడుంది? అడిగి చూడండి. బియ్యం పోసుకున్నారు, అటక మీద ఉంది, చెల్లికి పెళ్లిలో ఇచ్చాం, పాత ఇనుముకు వేశాం, భూమి కాగితాలు అందులోనే ఉన్నాయి. ఏ జవాబు వచ్చినా దాని వెనక ఒక ఇల్లు కనిపిస్తుంది. మూత లోపల రంగుతో రాసిన పేరు, తరగతి ఇంకా కనపడుతుంటే ఫొటో తీసి పంపమనండి. పరిచయం పక్కన సూటు వేసుకున్న ఫొటో కంటే ఆ మూత బాగుంటుంది.

నలుగురిలో అడగకండి, ఒక్కరినే అడగండి. వాట్సాప్ గ్రూపులో ‘అందరూ తమ వివరాలు పంపగలరు’ అని పెడితే ఉద్యోగం ఉన్నవాళ్లే పంపుతారు. ఇంటికి వెళ్లండి. వీలుకాకపోతే రాత్రి తొమ్మిది తర్వాత ఫోను చేయండి. కూలికి, డ్రైవింగుకి పోయేవాళ్లు పగలు మాట్లాడలేరు. మీటింగుకు రమ్మనేటప్పుడు చందా మాట మొదట ఎత్తకండి. వెయ్యి రూపాయల చందా, ఒకరోజు కూలి నష్టం, బస్సు చార్జీ – ఇవి లెక్కవేసుకుని ‘ఆ రోజు ఊళ్లో పెళ్లుంది’ అనేవాళ్లు ఉన్నారు.

లేనివారి పేజీ

ముప్పై ఏళ్లు గడిచిన ఏ బ్యాచ్‌లోనైనా కొందరు మిగలరు. రోడ్డు ప్రమాదాలు, తాగుడు, కిడ్నీ జబ్బులు, 2020, 2021లలో కరోనా. సంచికల్లో వారికి నల్ల అంచు పెట్టి, పేరు వేసి, ‘ఆత్మకు శాంతి కలుగుగాక’ అంటాం. అంతకంటే చేయగలం. అతను కబడ్డీలో కూతకు వెళితే ఎలా ఉండేదో, ఆమె దస్తూరి ఎంత గుండ్రంగా ఉండేదో, ఎవరి ఉత్తరాలు ఎవరు రాసిపెట్టేవారో రాయవచ్చు. చనిపోయిన కారణం మాత్రం ఇంటివాళ్లు సరేనంటేనే. పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ ఆ పిల్లల చేతికి ఇచ్చి రండి. తండ్రి పదో తరగతిలో ఎలా ఉండేవాడో వాళ్లకు చెప్పగలిగింది మనమే.

ఈ జాబితాలో క్లాస్‌మేట్లు కాని కొందరు కూడా ఉండాలి. వార్డెన్ల పేర్లు, ఫొటోలు ఎలాగూ వస్తాయి. వంట చేసినవారు, కామాటి, వాచ్‌మన్ – వీళ్లకు పేజీ వేసిన సంచికలు చాలా తక్కువ. జ్వరమొస్తే పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని గంజి కాచి ఇచ్చింది, ఆదివారం గుడ్డు దాచిపెట్టి ఊరి నుంచి ఆలస్యంగా వచ్చినవాడికి ఇచ్చింది వాళ్లే. వాళ్లు ఎన్నాళ్లు పనిచేశారు, ఎంత జీతానికి, పర్మనెంటు అయ్యారా, పింఛను వస్తోందా, వాళ్ల పిల్లలు ఏ హాస్టల్లో చదివారు – ఇవన్నీ మనం ఎప్పుడూ అడగలేదు. ఈసారి ఆ పేజీ రాసే పని ఏ బ్యాచ్ తీసుకున్నా, ముందుగా కనుక్కోవలసింది ఆమె పేరు. మనమంతా ‘వంటక్క’ అనే పిలిచాం. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు తెలిసినవారు ఎవరైనా ఉంటే సంపాదకవర్గానికి తెలియజేయగలరు.